పక్క నుంచి గుద్దిన కారు యాక్సిడెంట్‌లో గాయపడితే: స్పాట్ నుంచి క్లెయిమ్ తేలేదాకా ఏ పని ఎప్పుడు చెయ్యాలి

"జంక్షన్‌లో పక్క నుంచి కారొచ్చి గుద్దేసింది, తప్పు మాది కాదు, కానీ అవతలాయన గ్రీన్ తనకే ఉందంటున్నాడు, ఇప్పుడు మేమేం చెయ్యాలి?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం వరసగా ఒకచోట రాసేస్తే నయం అనిపించింది.

వెనక నుంచి గుద్దితే సగం తగువు అక్కడే తేలిపోతుంది, వెనకొచ్చినవాడిదే తప్పని మామూలుగా అనుకుంటారు కాబట్టి. పక్క నుంచి గుద్దినప్పుడు అలా కుదరదు. ఇద్దరూ గ్రీన్ అంటారు, ఇద్దరూ నేనే ముందొచ్చా అంటారు. సొట్ట ఎక్కడ పడిందో కారుని చూస్తే తెలుస్తుంది గానీ అప్పుడు సిగ్నల్ ఏ రంగులో ఉందో కారు చెప్పదు, అది చెప్పే సాక్ష్యాలేమో రోజుల్లోనే మాయమైపోతాయి. అందుకే ఇందులో ఎక్కువ భాగం మొదటి వారం గురించే, కోర్టు సంగతి తర్వాత.

చట్టం దేశదేశానికీ మారుతుంది, కొన్నిచోట్ల రాష్ట్రం మారితే కూడా మారిపోతుంది. పనుల వరస మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే. రూల్ బాగా తేడాగా ఉన్నచోట ఏ దేశంలో ఎలా ఉందో అక్కడే చెప్తాను.

1. స్పాట్‌లో మొదటి పది నిమిషాలు

ముందు ప్రాణం. పక్క నుంచి దెబ్బ తగిలితే ఆ వైపు డోర్లు లోపలికి నొక్కుకుపోయి బిగుసుకుపోతాయి, వాటిని పట్టుకుని లాగుతూ టైం వేస్ట్ చెయ్యకుండా అవతలి వైపు నుంచి దిగండి. మెడ, నడుము, తుంటి నొప్పిగా ఉంటే, లేదా కాళ్లు తిమ్మిరెక్కినట్టుంటే మాత్రం దిగొద్దు, అంబులెన్స్ వాళ్లొచ్చి జాగ్రత్తగా తీసేదాకా కదలకుండా ఉండండి. పొగ గానీ మంట గానీ ఉంటే అప్పుడు వేరే మార్గం లేదు, దిగాల్సిందే.

ఎలక్ట్రిక్ కారో హైబ్రిడో అయితే ఇంకో విషయం. బ్యాటరీ చాలా కార్లలో నేల కిందే పరిచి ఉంటుంది, పక్క దెబ్బకి దాని అంచు నలిగి ఉండొచ్చు. వెంటనే ఏమీ కాకపోయినా గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మంట లేవొచ్చు. టో చేసేవాళ్లకి ఇది ఎలక్ట్రిక్ కారు అని నోరు తెరిచి చెప్పండి, యార్డులో మిగతా బండ్లకి, బిల్డింగులకి కనీసం 15 మీటర్ల దూరంలో పెట్టమనండి.

- ఇంజిన్ ఆపి హజార్డ్ లైట్లు వెయ్యండి
- ఎమర్జెన్సీ నంబర్‌కి, పోలీసులకి ఫోన్ చెయ్యండి, అవతలాయన "వద్దులే, మనలో మనం చూసుకుందాం" అన్నా సరే
- ప్రమాదం లేకపోతే ఫోటోలు తీసేదాకా బండ్లు కదపొద్దు
- "సారీ, నేను చూసుకోలేదు" లాంటి మాట అనకండి, "మీకు దెబ్బలేమైనా తగిలాయా" అని అడగడంలో తప్పులేదు, మనిషన్నాక అడగాలి కూడా

ఆ సారీ దగ్గర చాలామంది నొచ్చుకుంటారు, మర్యాదకి అన్నామండీ అంటారు. మర్యాదకే అంటారు, నాకు తెలుసు. కానీ అది రిపోర్టులోకి వెళ్తే "తప్పు ఒప్పుకున్నారు" అని మారిపోతుంది.

2. ఫోటోలు: సొట్టలు ఒక్కటే తీస్తే చాలదు

అందరూ చేసే పొరపాటు ఇక్కడే. నలిగిన డోర్‌ని ఇరవై ఫోటోలు తీస్తారు, జంక్షన్‌ని ఒక్కటి కూడా తియ్యరు. డోర్ ఫోటో నష్టం ఎంతో చెప్తుంది, తప్పెవరిదో చెప్పేది రోడ్డు.

ఈ వరసలో తియ్యండి, దూరం నుంచి దగ్గరికి:

- మొత్తం జంక్షన్, నాలుగు వైపుల నుంచీ, రెండు కార్లూ ఆగిన చోటు కనిపించేలా
- సిగ్నల్ స్తంభాలు, స్టాప్ బోర్డులు, రోడ్డు మీద గీతలు, బోర్డుకి చెట్టు కొమ్మ గానీ పార్క్ చేసిన లారీ గానీ అడ్డముంటే అది కూడా
- మీరు వచ్చిన వైపు నుంచి డ్రైవర్ కంటి ఎత్తులో ఒకటి, అవతలాయన వచ్చిన వైపు నుంచి ఒకటి, ఎవరికి ఏం కనిపించిందో తెలియడానికి
- టైర్ల బ్రేక్ మార్కులు, అద్దం ముక్కలు, కారిన ఆయిల్, ఎందుకంటే ఎక్కడ గుద్దుకున్నారో చాలాసార్లు ఇవే చెప్తాయి, కార్లు ఆగిన చోటు వేరు, గుద్దుకున్న చోటు వేరు
- ముందు చక్రాలు ఎటు తిరిగున్నాయో
- తర్వాత డ్యామేజీ: దెబ్బ ఏ డోర్ మీద, ఎంత ఎత్తులో, రెండు డోర్ల మధ్య ఉండే పిల్లర్ లోపలికి వచ్చిందా
- కారు లోపల: విచ్చుకున్న ఎయిర్‌బ్యాగులు, విచ్చుకోనివి, సీటు బెల్ట్, పిల్లల సీటు
- చివరికి నంబర్ ప్లేట్లు, లైసెన్సు, ఇన్సూరెన్స్ కాగితం

తర్వాత ఒక వీడియో, నడుచుకుంటూ, ఆపకుండా. అందులో సిగ్నల్ రెండు మూడు సైకిళ్లు తిరిగేది పడేలా తియ్యండి. ఎల్లో ఎన్ని సెకన్లుంది, అన్ని వైపులా రెడ్ ఉండే గ్యాప్ ఎంతుంది అన్నది తర్వాత చాలా పనికొస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. అంటే మూడు సెకన్ల ఎల్లోలో 50 మీటర్లు. "ఎల్లోలోనే దాటేశా" అని అవతలాయన అంటే ఆ మాట నిలబడుతుందో లేదో ఈ లెక్కే తేలుస్తుంది.

సాక్షుల దగ్గర పేరు, ఫోన్ నంబర్ తీసుకోండి. పోలీసులు వచ్చేలోపే జనం వెళ్లిపోతారు. వాళ్లు ఒప్పుకుంటే అక్కడికక్కడే "నేనేం చూశాను" అని ముప్పై సెకన్ల వాయిస్ రికార్డ్ చెప్పించండి.

మీరే గాయపడి ఉంటే ఇదంతా మీవల్ల కాదు, చెయ్యాల్సిన పని కూడా లేదు. పక్కనున్నవాళ్లకి ఫోన్ ఇచ్చి తియ్యమనండి. అదీ కుదరకపోతే ఇంట్లోవాళ్లని మర్నాడే, అదే టైంకి, అక్కడికి పంపండి.

3. హాస్పిటల్: నొప్పి లేకపోయినా అదే రోజు

ఇది నేను బతిమాలుకుని చెప్తున్నా. ఎదురుగా గుద్దినప్పుడు బానెట్ మొత్తం నలిగి కొంత దెబ్బని మింగుతుంది. పక్క నుంచి అయితే మనిషికీ, గుద్దే బండికీ మధ్య ఉన్నది ఒక్క డోరే. అందుకే పక్క దెబ్బల్లో తల, పక్కటెముకలు, కటి ఎముక, పొట్టలో అవయవాలు ఎక్కువగా దెబ్బతింటాయి, అందులో కొన్ని పైకి కనబడవు.

ఎడమ వైపు దెబ్బ తగిలితే స్ప్లీన్, అంటే ప్లీహం, చిట్లే అవకాశం ఉంటుంది. కుడి వైపు అయితే లివర్. స్ప్లీన్ దెబ్బలో మోసం ఏంటంటే కొందరికి మొదట బాగానే ఉండి రెండు మూడు రోజుల తర్వాత, ఇంకా ఆలస్యంగా కూడా, లోపల రక్తస్రావం మొదలవుతుంది. తల కిటికీకో పిల్లర్‌కో తగిలినప్పుడు మెదడు పక్కన నెమ్మదిగా రక్తం చేరడం కూడా ఇలాంటిదే.

మాకు బాగా దగ్గరి మనిషి ఒకరు స్పాట్‌లో నవ్వుతూ మాట్లాడి ఇంటికొచ్చేశారు, రెండో రోజు రాత్రి ఎడమ భుజం నొప్పి అన్నారు, భుజమే కదా అని మేమందరం తేలిగ్గా తీసుకున్నాం. అది భుజం కాదు, పొట్టలో రక్తం. టైంకి తీసుకెళ్లాం కాబట్టి బతికారు. అప్పటినుంచి ఎవరికైనా పక్క నుంచి దెబ్బ తగిలిందంటే చాలు, నా నోట్లోంచి వచ్చే మొదటి మాట "హాస్పిటల్‌కి వెళ్లారా" అనే.

డాక్టర్‌కి చెప్పాల్సినవి:

- ఏ వైపు నుంచి తగిలింది, మీరు ఏ సీటులో ఉన్నారు
- తల దేనికైనా తగిలిందా, క్షణమైనా స్పృహ తప్పిందా
- బెల్ట్ పెట్టుకున్నారా, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుందా
- నొప్పి ఉన్న ప్రతి చోటూ, చిన్నదైనా సరే, ఎందుకంటే మొదటి రోజు రికార్డులో లేని నొప్పిని తర్వాత "ఇది యాక్సిడెంట్ వల్ల వచ్చింది కాదు" అంటారు

కింద రాసిన వాటిలో ఏదొచ్చినా మళ్లీ వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి: పొట్ట గట్టిపడటం లేదా నొప్పి, భుజం పైభాగంలో నొప్పి, మూత్రంలో రక్తం, పెరుగుతున్న తలనొప్పి, వాంతులు, మగత, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం.

కాగితాలన్నీ దాచుకోండి. యాక్సిడెంట్ కేసుగా రిజిస్టర్ చేశారా లేదా చూడండి, డిశ్చార్జ్ కాగితంలో "రోడ్డు ప్రమాదం" అని ఉందా, తేదీ, టైం సరిగ్గా ఉన్నాయా చదవండి. తప్పుంటే అక్కడే సరిచేయించుకోవాలి, ఆరు నెలల తర్వాత వెళ్తే ఎవరూ పట్టించుకోరు.

ఇంకోటి, రోజూ రెండు లైన్లు డైరీ రాయండి. ఎక్కడ నొప్పి, రాత్రి నిద్ర పట్టిందా, ఏ పని చెయ్యలేకపోయారు. ఏడాది తర్వాత కోర్టులో అడిగితే ఎవరికీ గుర్తుండదు.

4. పోలీస్ రిపోర్ట్ చదివి తీసుకోండి

కాపీ తీసుకుని బ్యాగులో పడెయ్యొద్దు, చదవండి. ఏ బండి ఏ దిక్కు నుంచి వచ్చిందో తారుమారై ఉండటం నిజంగా జరుగుతుంది, పక్క నుంచి గుద్దిన కేసులో అదొక్కటి తారుమారైతే కథ మొత్తం తిరగబడుతుంది.

- దిక్కులు, లేన్లు, బండి నంబర్లు సరిపోయాయా
- గాయపడినవాళ్లందరి పేర్లూ ఉన్నాయా, వెనక సీట్లో పిల్లలతో సహా
- సాక్షుల పేర్లు ఎక్కాయా
- తప్పుంటే రాతపూర్వకంగా సవరణ అడిగారా, అడిగినట్టు రసీదు ఉందా

5. మాయమైపోయే సాక్ష్యాలు: మొదటి వారంలోనే

మీ దగ్గర ఓపిక కొంచెమే ఉంటే అదంతా ఇక్కడ పెట్టండి.

సీసీటీవీ. షాపులు, పెట్రోల్ బంకులు, అపార్ట్‌మెంట్లు, బస్సుల్లో కెమెరాలు. చాలావాటిలో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది, కొన్నిట్లో కొద్ది రోజులకే. జంక్షన్ చుట్టూ నడిచి ఎన్ని కెమెరాలున్నాయో రాసుకోండి. సిగ్నల్ కనబడని కెమెరా కూడా పనికొస్తుంది, అటువైపు ఆగి ఉన్న బండ్లు ఎప్పుడు కదిలాయో కనబడితే చాలు, గ్రీన్ ఎవరికి పడిందో దాన్నిబట్టి తెలిసిపోతుంది. ఓనర్ ఫుటేజ్ ఇవ్వకపోయినా పర్లేదు, చెరపొద్దని రాసివ్వండి. ఇలా:

"ఫలానా తేదీ, ఫలానా టైంకి మీ ముందున్న జంక్షన్‌లో జరిగిన ప్రమాదంలో నేను గాయపడ్డాను. ఆ టైంకి అరగంట ముందు నుంచి అరగంట తర్వాత దాకా మీ కెమెరా రికార్డింగ్ ఈ కేసుకి అవసరం. పోలీసులో కోర్టో అడిగేదాకా దాన్ని చెరిపెయ్యకుండా భద్రపరచమని కోరుతున్నాను."

కింద సంతకం, తేదీ, ఒక కాపీ మీద వాళ్ల సంతకం. లేదా ఈమెయిల్. నోటి మాటకి విలువ లేదు.

సిగ్నల్ టైమింగ్. ట్రాఫిక్ శాఖ దగ్గర ఆ సిగ్నల్‌కి టైమింగ్ ప్లాన్ ఉంటుంది, ఆ రోజు రిపేర్ కంప్లైంట్ ఏదైనా ఉంటే అదీ ఉంటుంది. రెండూ రాతపూర్వకంగా అడగండి.

డ్యాష్‌క్యామ్. మీదైతే కార్డ్ వెంటనే బయటికి తీసెయ్యండి, ఆన్‌లో ఉంటే దాని మీదే రాసుకుంటూ పోతుంది. అసలు ఫైల్‌ని ఎడిట్ చెయ్యొద్దు, కట్ చెయ్యొద్దు, కాపీ మాత్రమే పంపండి.

కారులో ఉండే డేటా రికార్డర్. చాలా కొత్త కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ గుద్దుకోవడానికి ముందు సుమారు 5 సెకన్ల స్పీడు, బ్రేక్, యాక్సిలరేటర్, సీటు బెల్ట్ వివరాలు దాచుకుంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. అమెరికాలో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ఆ డేటా కారు ఓనర్‌ది లేదా లీజుకి తీసుకున్నవాళ్లది, మిగతావాళ్లు తియ్యాలంటే మామూలుగా ఓనర్ అనుమతో కోర్టు ఆర్డరో కావాలి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోని యాక్సిడెంట్ అయితే ఆ రికార్డు తర్వాత వేరేదాంతో చెరిగిపోవచ్చు, అందుకని కారుని మళ్లీ నడపకుండా ముందు డేటా తీయించాలి. అవతలి కారు డేటా కోసం వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీకి ఇందాకటి లాంటి లెటరే పంపండి.

6. కారుని అప్పుడే ఇచ్చెయ్యొద్దు

యార్డులో రోజు అద్దె పడుతుందని, ఇన్సూరెన్స్ వాళ్లు తొందరపెడుతున్నారని కారుని స్క్రాప్‌కి రాసిచ్చేస్తారు. గాయం పెద్దదైతే ఆ కారే మీ ముఖ్య సాక్షి. నలిగిన లోతు నుంచి స్పీడు అంచనా వెయ్యొచ్చు. సైడ్ ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోలేదా, డోర్ లాక్ ఊడి మనిషి బయటికి పడ్డాడా, సీటు విరిగిందా అన్న అనుమానం ఉంటే తయారీదారు మీద కూడా దావా వేసే అవకాశం ఉంటుంది, కానీ కారు లేకపోతే ఆ దావాయే లేదు.

ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోకపోతే అది లోపమే అని మాత్రం ముందే తీర్మానించుకోవద్దు. ఎంత దెబ్బకి, ఏ కోణంలో విచ్చుకోవాలో సెన్సర్ నిర్ణయిస్తుంది, చిన్న దెబ్బకి విచ్చుకోకపోవడం దాని పద్ధతే. ఇంజినీర్ చూసి చెప్పాల్సిన విషయం అది.

పిల్లల సీటు ఉన్నవైపు డోర్ దెబ్బతింటే, సీటు బాగానే కనబడినా మళ్లీ వాడొద్దు. కొత్తది కొని బిల్లు క్లెయిమ్‌లో పెట్టండి. పాతది పారెయ్యకుండా ఉంచండి.

7. తప్పెవరిది: ఎక్కువగా వచ్చే తగువులు

"నన్ను వాడు గుద్దాడు కాబట్టి తప్పు వాడిదే" అన్నది నిజం కాదు. మీ డోర్‌కి వాళ్ల బంపర్ తగిలినా, మీరు రెడ్‌లో మధ్యలోకి వచ్చి ఉంటే తప్పు మీదే అవుతుంది. ఎవరు దారి ఇవ్వాలి అన్నదే అసలు ప్రశ్న.

రెడ్ లైట్ దాటడం. వీడియో, సాక్షి, డేటా, ఈ మూడిట్లో ఒక్కటి దొరికినా చాలా బలం.

ఎదురు ట్రాఫిక్‌ని కోసుకుంటూ తిరగడం. మామూలుగా తిరిగేవాళ్లే ఆగాలి. కానీ నేరుగా వచ్చేవాడు విపరీతమైన స్పీడులో వస్తే వాడికీ వాటా పడుతుంది.

స్టాప్ బోర్డు, చిన్న రోడ్డు నుంచి పెద్ద రోడ్డు మీదికి రావడం. ఆగారా అన్నదొక్కటే కాదు, ఆగాక చూసి కదిలారా అన్నది కూడా అడుగుతారు. కొమ్మలు బోర్డుని కప్పేసుంటే రోడ్డు చూసుకోవాల్సిన సంస్థ కూడా ఇందులోకి వస్తుంది.

పార్కింగ్ లాట్, గేట్ల దగ్గర. ఇక్కడ ఇద్దరికీ చెరి కొంత వేసెయ్యడం ఎక్కువ, కెమెరా ఉంటే తప్ప గట్టిగా వాదించడం కష్టం.

గ్రీన్ ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని వెళ్లొచ్చని ఏ చట్టం చెప్పదు, అందుకే తప్పు పంచుతారు. ఆ పంపకం రూలు చోటుని బట్టి చాలా మారుతుంది:

- భారత్, ఇంగ్లండ్‌లో మీ తప్పు ఎంత శాతమో అంత తగ్గించి మిగతాది ఇస్తారు
- కాలిఫోర్నియా, న్యూయార్క్‌లో మీ తప్పు ఎక్కువే ఉన్నా మిగిలిన వాటా అడగొచ్చు
- టెక్సాస్‌లో మీ తప్పు 50 శాతం దాటితే ఏమీ రాదు
- అలబామా, మేరీల్యాండ్, నార్త్ కరొలైనా, వర్జీనియాలో మీది కొంచెం తప్పున్నా మామూలుగా మొత్తం పోతుంది, అక్కడ "నాది కూడా కొంచెం" అనే ఒక్క మాట ఎంత నష్టమో ఊహించుకోండి

సీటు బెల్ట్ పెట్టుకోకపోతే కూడా కొన్నిచోట్ల కోత పడుతుంది. ఇంగ్లండ్‌లో 1975 నాటి ఒక తీర్పు ఇప్పటికీ కొలబద్ద: బెల్ట్ ఉంటే గాయమే అయ్యేది కాదంటే 25 శాతం, గాయం బాగా తగ్గేదంటే 15 శాతం తగ్గిస్తారు.

పక్క సీట్లోనో వెనక సీట్లోనో కూర్చున్నవాళ్లకి ఈ తలనొప్పి చాలామటుకు ఉండదు. ఇద్దరు డ్రైవర్లలో తప్పు ఎవరిదైనా కూర్చున్న మనిషిది కాదు కదా. భారత్‌లో అయితే ఇద్దరి తప్పూ కలిసి మూడో మనిషికి గాయమైతే, ఆ మనిషి ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం అడగొచ్చని సుప్రీంకోర్టు 2015లో స్పష్టంగా చెప్పింది.

8. ఎవరెవరి మీద క్లెయిమ్ వెయ్యొచ్చు

చాలామంది అవతలి డ్రైవర్ ఒక్కడి దగ్గరే ఆగిపోతారు. ఈ లిస్ట్ మొత్తం చూసుకోండి:

- అవతలి డ్రైవర్, బండి ఓనర్, వాళ్ల ఇన్సూరెన్స్
- డ్రైవర్ డ్యూటీలో ఉంటే అతని యజమాని
- మీరు కూర్చున్న కారు డ్రైవర్, ఆయన ఇన్సూరెన్స్
- మీ సొంత పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ కవర్, మెడికల్ కవర్, ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే ఇచ్చే కవర్
- సిగ్నల్ పాడై ఉంటే, బోర్డు లేకపోతే రోడ్డు చూసే సంస్థ
- కారు లోపం వల్ల గాయం పెరిగితే తయారీదారు
- బండి ఆగకుండా పారిపోతే ప్రభుత్వ నిధి, ఇంగ్లండ్‌లో మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో, భారత్‌లో హిట్ అండ్ రన్ పరిహార పథకం

స్నేహితుడి కారులో వెళ్తూ గాయపడితే "వాడి మీద కేసు ఎలా వేస్తాం" అని మానేసేవాళ్లు ఉన్నారు. డబ్బు మామూలుగా ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ. ముందే కూర్చుని మాట్లాడుకోండి, అర్థం చేసుకుంటారు. కాకపోతే భారత్‌లో ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉన్న సొంత కారైతే లోపల కూర్చున్నవాళ్లకి కవర్ రాకపోవచ్చు, పాలసీ కాగితం చూడండి.

తప్పు ఎవరిదో తేలకుండానే డబ్బొచ్చే పద్ధతులు కూడా ఉన్నాయి. భారత్‌లో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద తప్పు నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. న్యూజిలాండ్‌లో గాయాలకి ప్రభుత్వ సంస్థే పరిహారం ఇస్తుంది, దానికి బదులుగా అవతలాయన మీద గాయానికి నష్టపరిహార దావా వెయ్యలేరు. కెనడాలో క్యూబెక్ కూడా ఇంచుమించు ఇదే దారి.

9. ఇన్సూరెన్స్ నుంచి ఫోన్ వస్తే

రెండో రోజో మూడో రోజో అవతలి కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, చాలా మర్యాదగా, "ఎలా ఉన్నారండీ" అని. మనం అలవాటుగా "బాగానే ఉన్నామండీ" అంటాం. కాల్ రికార్డ్ అవుతుంటే ఆ మాట అందులో ఉండిపోతుంది.

- మీ సొంత కంపెనీకి వెంటనే చెప్పండి, పాలసీలో ఆ షరతు ఉంటుంది
- అవతలి కంపెనీకి పేరు, ప్రమాదం తేదీ, చోటు చెప్పండి, "గాయాలకి చికిత్స జరుగుతోంది, మిగతాది రాతలో చెప్తాను" అని ఆపండి
- స్పీడు, దూరం, సెకన్లు అంచనాగా చెప్పొద్దు, తెలియకపోతే తెలియదనండి
- మెడికల్ రికార్డులన్నీ తీసుకునే బ్లాంక్ అనుమతి పత్రం మీద సంతకం పెట్టొద్దు
- సోషల్ మీడియాలో యాక్సిడెంట్ గురించి గానీ, పెళ్లిలో నవ్వుతున్న ఫోటో గానీ పెట్టొద్దు, పాతవి డిలీట్ కూడా చెయ్యొద్దు, సాక్ష్యం చెరిపారంటారు

10. గడువులు

కేసు ఎంత బలమైనదైనా గడువు దాటితే పోయినట్టే. యాక్సిడెంట్ తేదీ నుంచి లెక్క వేసి క్యాలెండర్‌లో రాసుకోండి.

- భారత్: రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకి చట్టంలో రాసింది 6 నెలలు, ప్రమాదం జరిగిన చోటే వెయ్యక్కర్లేదు, మీరు ఉండే చోట కూడా వెయ్యొచ్చు
- ఇంగ్లండ్, వేల్స్: 3 ఏళ్లు, పిల్లలకి 18 నిండాకే ఆ మూడేళ్లు మొదలవుతాయి
- కాలిఫోర్నియా, టెక్సాస్: 2 ఏళ్లు
- ఫ్లోరిడా: 4 ఏళ్లు ఉండేది, 2023 మార్చిలో 2 ఏళ్లకి తగ్గించారు

ప్రభుత్వ బండి గుద్దినా, రోడ్డు సంస్థ మీద క్లెయిమ్ అయినా గడువు ఇంకా చిన్నది. కాలిఫోర్నియాలో 6 నెలల్లో, న్యూయార్క్‌లో చాలా ప్రభుత్వ సంస్థలకి 90 రోజుల్లో ముందు నోటీసు ఇవ్వాలి. సిటీ బస్సు గుద్దినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

11. నష్టం లెక్క, సెటిల్మెంట్

హాస్పిటల్ బిల్లు మాత్రమే నష్టం అనుకోవద్దు. కటి ఎముక విరిగితే నెలలు మంచం మీదే, ఆ తర్వాత ఫిజియోథెరపీ, ఇంట్లో ఒకరు పని మానుకుని చూసుకోవడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

- ఇప్పటిదాకా అయిన, ఇకముందు అయ్యే వైద్య ఖర్చు, డాక్టర్ రాసిచ్చిన అంచనాతో
- పోయిన జీతం, ముందు ముందు సంపాదన తగ్గితే అది
- ఇంట్లోవాళ్లు చేసిన సేవ, ప్రయాణ ఖర్చులు
- శాశ్వత వైకల్యం, సర్టిఫికెట్‌తో
- నొప్పి, బాధ, మునుపటిలా బతకలేకపోవడం
- కారు, అందులో పాడైన సామాన్లు

వచ్చే పెద్ద తప్పు తొందర సెటిల్మెంట్. "పూర్తి మరియు తుది పరిష్కారం" అనే కాగితం మీద సంతకం పెడితే రేపు ఇంకో ఆపరేషన్ కావాలన్నా మళ్లీ అడగలేరు. ఇంతకంటే ఇక మెరుగయ్యేదేం లేదు, లేదా పూర్తిగా తగ్గిపోయింది, అని డాక్టర్ చెప్పేదాకా గాయం క్లెయిమ్ ముగించొద్దు. కారు డ్యామేజీ విడిగా తేల్చుకోవచ్చు, కానీ ఆ కాగితంలో గాయం మాట దూర్చారేమో లైను లైనూ చదవండి. హెల్త్ ఇన్సూరెన్స్ వాడి ఉంటే వచ్చిన డబ్బులోంచి వాళ్లు వెనక్కి అడిగే హక్కు ఉందేమో కూడా ముందే కనుక్కోండి.

లాయర్ కావాలా? ఒకట్రెండు వారాల్లో పూర్తిగా తగ్గిపోయే గాయం, తప్పు ఎవరిదో స్పష్టం అయితే మీరే చూసుకోవచ్చు. ఎముక విరిగినా, తలకి దెబ్బైనా, ఇద్దరూ గ్రీన్ అంటున్నా, ప్రభుత్వ సంస్థ ఉన్నా నా సలహా లాయర్‌ని పెట్టుకోమనే. ఫీజు పద్ధతి ముందే రాతలో తీసుకోండి. అమెరికాలో గెలిస్తే వచ్చినదాంట్లో వాటా తీసుకోవడం మామూలే, మూడో వంతు దాకా ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువ. భారత్‌లో అలా వాటా మాట్లాడుకోవడం లాయర్లకి నిషేధం, ఎవరైనా "వచ్చినదాంట్లో సగం" అంటే లేచి వచ్చెయ్యండి. హాస్పిటల్ బెడ్ దగ్గరికే వచ్చి సంతకాలు పెట్టించుకునేవాళ్ల విషయంలోనూ అంతే.

12. ఇప్పటికే తప్పు జరిగిపోతే

పోలీసులకి చెప్పలేదు. ఆలస్యమైనా ఇప్పుడు ఇవ్వండి, ఎందుకు ఆలస్యమైందో రాయండి, హాస్పిటల్‌లో ఉన్నట్టు కాగితం జత చెయ్యండి.

హాస్పిటల్‌కి వెళ్లలేదు. ఈరోజే వెళ్లండి. నొప్పి ఎప్పుడు మొదలైందో నిజం చెప్పండి, మొదటి రోజు నుంచే అని కల్పించొద్దు.

స్పాట్‌లో సారీ చెప్పేశా. ఒక్క మాటతో కేసు అయిపోదు. ఏ పరిస్థితిలో అన్నారో రాసి పెట్టుకోండి, వీడియో, సిగ్నల్ టైమింగ్ లాంటివి దొరికితే ఆ మాట బరువు తగ్గుతుంది.

ఫుటేజ్ చెరిగిపోయింది. ఆ టైంకి ఆ రూట్‌లో వెళ్లిన బస్సుల కెమెరాలు, ఆంబులెన్స్ కాల్ రికార్డ్, సాక్షులు, రెండు కార్ల డేటా. ఒక్కోటీ అడుగుతూ పోండి.

కారు స్క్రాప్‌కి వెళ్లిపోయింది. అదే గంటలో యార్డుకి ఫోన్ చెయ్యండి, చాలాసార్లు నలిపేలోపు అక్కడే పడి ఉంటుంది. పోయినా ఇన్సూరెన్స్ సర్వేయర్ తీసిన ఫోటోలు, రిపోర్టు కాపీ అడగండి.

గడువు దాటింది. అయిపోయిందని మీ అంతట మీరే నిర్ణయించేసుకోవద్దు. గాయపడింది పిల్లలైతే, ఆ రోజుల్లో మీరు స్పృహలో లేకపోతే, గాయం తర్వాతెప్పుడో బయటపడితే కొన్నిచోట్ల లెక్క వేరే రోజు నుంచి మొదలవుతుంది. తేదీలు, డిశ్చార్జ్ కాగితం, పోలీస్ రిపోర్ట్ పట్టుకుని ఈ వారంలోనే ఒక లాయర్‌కి చూపించండి.